మగవాళ్ల జాకెట్ భుజం జారుతుంది, ఆడవాళ్లది జిప్ పడదు: బైక్ బట్టలు ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న: అక్కా, నాకు ముప్పై ఏళ్లు. ఈ మధ్యే స్కూటర్ నుంచి బైక్‌కి మారాను. రోజూ ఆఫీసుకి, సెలవుల్లో దూర ప్రయాణాలకి అదే. మంచి రైడింగ్ జాకెట్, ప్యాంటు కొనుక్కుందామంటే ఒక్కటీ సరిపోవడం లేదు. మగవాళ్ల జాకెట్ భుజాల దగ్గర జారిపోతుంది, తుంటి దగ్గర మాత్రం జిప్ పడదు. ఆడవాళ్లదని ఇచ్చిన జాకెట్ ఛాతీ దగ్గర బిగుతు, ముందుకు వంగితే వీపు బయటపడుతుంది. నడుముకి సరిపోయిన ప్యాంటు తొడల్లోకి ఎక్కదు, తొడలకి సరిపోయింది నడుము దగ్గర పిడికిలి దూరేంత వదులు. నేను పొట్టి, కాస్త బొద్దుగా ఉంటాను. షాపతను 'మగవాళ్లది తీసుకుని టైలర్ దగ్గర ఆల్టర్ చేయించుకోండి మేడమ్' అన్నాడు. ఇంట్లోవాళ్లు 'మామూలు జీన్స్, జాకెట్ చాలదా' అంటున్నారు. నా ఒంట్లోనే ఏదో తేడా ఉందేమో అనిపిస్తోంది. ఏం చేయమంటావు?

జవాబు:

చెల్లీ, ముందు ఆ చివరి మాట మనసులోంచి తీసెయ్. నీ ఒళ్లు బానే ఉంది, తేడా అంతా ఆ బట్ట కత్తిరించిన కొలతలో ఉంది. బైక్ బట్టల్లో చాలావాటికి మొదటి నమూనా మగ ఒంటి మీదే తయారవుతుంది: వెడల్పు భుజాలు, సన్నటి తుంటి, చదునైన ఛాతీ. దాన్నే అటూ ఇటూ పెంచి తగ్గించి సైజులు చేస్తారు. ఆడవాళ్ల కోసమని అమ్మేవాటిలో కూడా కొన్ని ఆ నమూనానే కుదించి, నడుము దగ్గర కాస్త నొక్కి, రంగు మార్చినవే. ఆడవాళ్ల కొలతలతో మొదటి నుంచీ గీసి కుట్టే కంపెనీలు ఇప్పుడు పెరిగాయి, కానీ షాపుల్లో హ్యాంగర్ మీద కనిపించేవి తక్కువ, వాటిలో నీ సైజు ఉండటం ఇంకా తక్కువ. నీలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. సన్నగా పొడుగ్గా ఉన్న అమ్మాయిలు చేతులు పొట్టిగా ఉన్నాయని రాస్తారు, ఛాతీ ఎక్కువున్నవాళ్లు జిప్ గురించి, పొట్టివాళ్లు మోకాలి ప్యాడ్ గురించి రాస్తారు. అందరూ తమ ఒంటినే తప్పు పట్టుకుంటారు, నాకు బాధ కలిగించేది అదే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఫిట్టింగ్ అనగానే అందం కోసం పడే తాపత్రయంలా చూస్తారు చాలామంది, షాపువాళ్లు కూడా. కానీ బైక్ బట్టకి ఫిట్టింగే రక్షణ. జాకెట్‌లో భుజానికి, మోచేతికి, ప్యాంటులో మోకాలికి, తుంటికి ప్యాడ్లు ఉంటాయి కదా, ఆర్మర్ అంటాం. పడ్డప్పుడు ఆ ప్యాడ్ ఎముకకీ రోడ్డుకీ మధ్య ఉంటేనే పని చేస్తుంది. బట్ట వదులుగా ఉంటే ఒళ్లు రోడ్డు మీద జారే ఆ రెండు మూడు సెకన్లలో అది మెలితిరిగిపోతుంది, మోచేతి ప్యాడ్ చేతి లోపలి వైపుకి వచ్చేస్తుంది, మోకాలి ప్యాడ్ పిక్క పక్కకి పోతుంది. అప్పుడు అది ఎంత ఖరీదైన ఆర్మర్ అయినా, తలకి పెట్టుకోవాల్సిన హెల్మెట్‌ని మోచేతికి తగిలించుకు తిరిగినట్టే. మరీ బిగుతుగా ఉన్నా ప్రమాదమే: కుట్టు మీద ముందే లాగుడు ఉంటుంది కాబట్టి దెబ్బ తగలగానే అక్కడే పిగులుతుంది, పైగా చేతులు సరిగ్గా తిరగక, ఊపిరాడక బండి నడపడమే కష్టమవుతుంది.

ఇంట్లోవాళ్ల ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే అది తేలకపోతే మిగతాదంతా వృథా. మామూలు జీన్స్ చాలదు. మందంగా, గట్టిగా కనిపిస్తుంది గానీ రోడ్డు మీద రాపిడికి క్షణంలో అరిగిపోయి చర్మం తగులుతుంది. ఆస్ట్రేలియాలో ప్రమాదానికి గురైన 212 మంది బైకర్ల మీద చేసిన ఒక అధ్యయనం 2011లో వచ్చింది. బైక్ కోసం చేసిన జాకెట్ వేసుకున్నవాళ్లు ఆసుపత్రిలో చేరాల్సి రావడం, వేసుకోనివాళ్లతో పోలిస్తే 21 శాతం తక్కువ. బైక్ ప్యాంటు వేసుకున్నవాళ్లలో 51 శాతం తక్కువ, గ్లవ్స్ వేసుకున్నవాళ్లలో 59 శాతం తక్కువ. ఇంట్లో ఈ లెక్క చెప్పు. నువ్వు కూడా ఒకటి గమనించు: మనం డబ్బంతా జాకెట్ మీద పెట్టి, ప్యాంటు తర్వాత చూద్దాంలే అనుకుంటాం, గ్లవ్స్ అయితే ఏదో ఒకటి. ఈ అధ్యయనంలో ఎక్కువ తేడా కనిపించింది ఆ రెండింటి దగ్గరే.

అదే అధ్యయనంలో ఇంకో మాట కూడా ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. ప్రమాదంలో పడ్డ జాకెట్లలో దాదాపు 30 శాతం, ప్యాంట్లలో 28 శాతం చిరిగో పగిలో కుట్లు విడిపోయో విఫలమయ్యాయి. అవన్నీ బైక్ బట్టలని అమ్మినవే. అంటే 'రైడింగ్' అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మకూడదు, లోపల కుట్టిన లేబుల్ చూడాలి.

లేబుల్ చదవడం కష్టమేమీ కాదు. మోటార్‌సైకిల్ బొమ్మ, దాని కింద ఈఎన్ 17092 అనే నంబర్, పక్కన ఒక తరగతి ఉంటాయి: ఏఏఏ, ఏఏ, ఏ, బీ, సీ. ఇది 2020లో వచ్చిన యూరప్ ప్రమాణం. ప్రయోగశాలలో గుడ్డ ముక్కని తిరిగే యంత్రానికి కట్టి కాంక్రీట్ మీద పడేసి చూస్తారు. భుజం, మోచేయి, తుంటి, మోకాలు లాంటి ముఖ్యమైన చోట్ల గుడ్డ ఏఏఏ కావాలంటే గంటకి 120 కిలోమీటర్ల వేగానికి సమానమైన పరీక్ష నెగ్గాలి, ఏఏకి 70, ఏకి 45. ఇవి యంత్రం మీది అంకెలు, '70 వేగంలో పడినా ఏమీ కాదు' అని అర్థం చేసుకోకు. పోల్చి చూసుకోవడానికి మాత్రం బాగా పనికొస్తాయి. నువ్వు చెప్పిన వాడకానికి ఏఏ అయితే సరైన చోట ఉన్నట్టు. దూర ప్రయాణాలు, వేగం పెరిగితే ఏఏఏ ఆలోచించు, కాకపోతే అవి బరువు, ఎండలో వేడి.

ప్యాడ్ల మీద విడిగా ఈఎన్ 1621-1 అని ఉంటుంది, పక్కన లెవెల్ 1 లేదా 2. 50 జౌల్స్ శక్తితో దెబ్బ వేస్తే అవతలికి ఎంత బలం దాటుతోందో కొలుస్తారు. సగటున లెవెల్ 1లో 35 కిలోన్యూటన్లు, లెవెల్ 2లో 20 కిలోన్యూటన్లు మించకూడదు. అంకె తగ్గేకొద్దీ మన ఎముకకి మంచిది, కాబట్టి వీలైతే లెవెల్ 2. అక్కడే ఏ, బీ అని ఇంకో అక్షరం కనిపిస్తుంది, అది నాణ్యత కాదు, ప్యాడ్ సైజు. ఏ చిన్నది, బీ పెద్దది. నీ చేతికి బీ పట్టి, మడిస్తే గుచ్చుకోకుండా ఉంటే అదే ఉంచుకో, పట్టకపోతే ఏ తీసుకో. వెన్నుది వేరే, ఈఎన్ 1621-2. చాలా జాకెట్లలో వెనక జేబులో ఉత్త స్పాంజి ముక్క పెట్టి ఇస్తారు, బయటికి లాగి చూస్తే దాని మీద ఏ నంబరూ ఉండదు. అది తీసేసి అసలైనది కొని పెట్టుకోవాలి. నువ్వు పొట్టి కాబట్టి వెన్ను ప్యాడ్ పొడవు చూసుకో, బండి మీద కూర్చున్నప్పుడు కింద సీటుకి తగిలి పైకి నెట్టినా, తల ఎత్తితే హెల్మెట్‌కి తగిలినా అది నీకు పెద్దదే.

ఇక మగవాళ్లదా ఆడవాళ్లదా అన్న ప్రశ్న. లేబుల్ మీద ఎవరి పేరు రాసి ఉందో చూడకు. 1916లో అగస్టా, అడెలీన్ వాన్ బ్యూరెన్ అనే అక్కచెల్లెళ్లు చెరో బైక్ మీద అమెరికా ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి వెళ్లినప్పుడు, దారిలో ఊళ్లలో పోలీసులు వాళ్లని పట్టుకున్నది మగవాళ్ల బట్టలు వేసుకున్నారని. ఇప్పుడు మనల్ని ఆపేవాళ్లు లేరు, ఏది సరిపోతే అది వేసుకోవచ్చు. కానీ నీ కొలతలకి, అంటే సన్నటి భుజాలు, వెడల్పు తుంటి ఉన్నవాళ్లకి, మగవాళ్ల జాకెట్ కుదరడం అరుదు. భుజానికి సరిపోయేది తీసుకుంటే తుంటికి పట్టదు, తుంటికి పట్టేది తీసుకుంటే భుజం ప్యాడ్ దండచేయి మీదకి జారుతుంది. భుజం దగ్గర రాజీ పడకు. జాకెట్‌లో మిగతావన్నీ ఎంతో కొంత సర్దుకోవచ్చు, భుజం కుట్టు సర్దలేం. ఆడవాళ్ల జాకెట్లలో తుంటి రెండు పక్కలా జిప్ తీస్తే విచ్చుకునే మడత, లేదా పట్టీతో వదులు చేసుకునే ఏర్పాటు ఉన్నవి వెతుకు. నీకు జిప్ పడని సమస్యకి అసలు మందు అదే.

ఇంట్లో టేపు తీసి ఒకసారి సరిగ్గా కొలుచుకో. ఛాతీ, నడుము అందరూ కొలుస్తారు. తుంటి మాత్రం నిలబడి ఒకసారి, కుర్చీలో కూర్చుని ఒకసారి కొలువు, కూర్చుంటే పెరుగుతుంది, నీకు కావాల్సింది ఆ రెండో అంకె. తొడ కూడా కూర్చునే కొలుచుకో. చేతి పొడవుకి మెడ వెనక ఉబ్బెత్తుగా తగిలే ఎముక దగ్గర టేపు పెట్టి, మోచేయి మడిచి హ్యాండిల్ పట్టుకున్నట్టు ఉంచి, భుజం మీదుగా మణికట్టు ఎముక దాకా. కాళ్ల లోపలి పొడవు బూట్లతో. రోజూ ఏ లోదుస్తులు వేసుకుని బండి నడుపుతావో వాటితోనే ఛాతీ కొలుచుకో. కింద తీగ ఉన్నవి ముందుకు వంగినప్పుడు పక్కటెముకల్లోకి గుచ్చుకుంటాయి, జాకెట్ బిగుతుకి ఇంకా ఎక్కువ, కాబట్టి తీగ లేని స్పోర్ట్స్ బ్రా మేలు. ఆన్‌లైన్‌లో కొంటే సైజు పట్టికలో ఉన్నది ఒంటి కొలతా, బట్ట కొలతా అన్నది చూసుకో, ఎక్కువమంది దెబ్బ తినేది అక్కడే.

షాపులో అద్దం ముందు నిలబడి నిర్ణయం తీసుకోకు. నిలబడ్డప్పుడు బ్రహ్మాండంగా ఉన్న జాకెట్ కూర్చుంటే మెడ దగ్గర పొడుస్తుంది, నిలబడితే చేతులు పొడుగ్గా ఉన్నాయనిపించింది హ్యాండిల్ పట్టుకుంటే సరిగ్గా మణికట్టు దగ్గరికి వస్తుంది. బండి మీద కూర్చునే చూడాలి, నీ బండే అయితే మరీ మంచిది. షాపతను తొందర పెడతాడు, పెట్టనీ. జాకెట్ వేసుకుని జిప్ మొత్తం పెట్టి, పట్టీలన్నీ బిగించి, రెండు చేతులూ హ్యాండిల్ మీద పెట్టు. అప్పుడు వేరేవాళ్లని నీ మోచేతి ప్యాడ్ పట్టుకుని అటూ ఇటూ తిప్పమను. కొద్దిగా కదిలితే ఫరవాలేదు, మోచేతి ఎముక మీద నుంచి పక్కకి పోతే ఆ జాకెట్ నీది కాదు. భుజం దగ్గర కూడా ఇదే పరీక్ష. ఆ తర్వాత తల పూర్తిగా వెనక్కి తిప్పి చూడు, చేయి ఎత్తి హెల్మెట్ వైజర్ తెరువు, ముందుకు బాగా వంగు. వీపు బయటపడుతోందా లేదా అన్నది అప్పుడు తెలుస్తుంది. వెనక భాగం ముందుకన్నా పొడుగ్గా కత్తిరించిన జాకెట్లు దీనికి మంచివి. జాకెట్‌కీ ప్యాంటుకీ కలిపే జిప్ ఉంటే ఇంకా మంచిది, పడి జారినప్పుడు జాకెట్ పైకి లేచిపోకుండా పట్టుకుంటుంది. వెనక మాత్రమే ఉండే పొట్టి జిప్ కన్నా నడుము చుట్టూ తిరిగే జిప్ గట్టిది, కానీ రెండూ ఒకే కంపెనీవి కాకపోతే తరచుగా కలవవు.

ఛాతీ దగ్గర బిగుతు అన్నావు. చాలామంది అక్కడ బిగుతుగా ఉందని రెండు సైజులు పెద్దది తీసుకుంటారు, దాంతో భుజాలు, మోచేతులు అన్నీ తప్పిపోతాయి. అలా కాకుండా చంకల కింద, పక్కల్లో సాగే గుడ్డ పెట్టిన జాకెట్లు చూడు. ఛాతీకి ప్యాడ్ కావాలనుకుంటే ఒకే పలకగా ఉండేది కాకుండా ఎడమ కుడి రెండు ముక్కలుగా విడిపోయి ఉండేది తీసుకో, దాని ప్రమాణం ఈఎన్ 1621-3. పలక ఒకటే అయితే మధ్యలో లేచి నిలబడుతుంది, నొక్కుతుంది.

ప్యాంటు గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఆడవాళ్లు ఎక్కువగా వదిలేసుకునేది దాన్నే. మోకాలి ప్యాడ్ నిలబడ్డప్పుడు మోకాలిచిప్ప కన్నా కాస్త కిందికి ఉండాలి. కూర్చుని కాలు మడవగానే గుడ్డ తొడ మీదికి లాగబడి ప్యాడ్ పైకి జరిగి సరిగ్గా చిప్ప మీదకి వస్తుంది. పొట్టివాళ్లకి మామూలు పొడవు ప్యాంటులో తొడ భాగమే పొడుగు, కాబట్టి కింద మడిచి కుట్టించినా ప్యాడ్ మాత్రం మోకాలి కింద ఎముక మీదే ఉండిపోతుంది. అందుకే కింద పొడవు తగ్గించడం ఒక్కటే నీకు పరిష్కారం కాదు, 'షార్ట్' పొడవులో దొరికే ప్యాంటు వెతకాలి, అందులో మోకాలి జేబు వెల్క్రోతో పైకీ కిందికీ మార్చుకునే రకమైతే సగం టెన్షన్ తీరినట్టే. తుంటి ప్యాడ్‌కి ఒక సులువైన పరీక్ష ఉంది: ప్యాంటు వేసుకుని నేల మీద పక్కకి తిరిగి పడుకో. ఏ ఎముక నేలకి గట్టిగా ఒత్తుకుంటుందో దాని కిందే ప్యాడ్ ఉండాలి. మగ నమూనా ప్యాంట్లలో అది చాలాసార్లు పైకి, నడుము దగ్గరికి వెళ్లిపోయి ఉంటుంది.

నడుము పిడికిలి దూరేంత వదులు అన్నావు కదా, అది చాలామంది ఆడవాళ్లకి ఉండే మామూలు తేడా. తొడ, తుంటి సరిపోయేదే ఎంచుకుని నడుముని సర్దుకో, అటు నుంచి ఇటు ఎప్పుడూ వెళ్లకు. నడుము పక్కల్లో లాగి బిగించే పట్టీలున్నవి, వెనక ఎలాస్టిక్ ఉన్నవి, భుజాల మీదుగా పట్టీలు తగిలించుకునేవి, ఇవన్నీ పనికొస్తాయి. నెలసరి రోజుల్లో పొట్ట ఉబ్బినప్పుడు కూడా ఆ పట్టీ వదులు చేసుకునే వీలు నిజంగా అవసరం, బిగుతు బెల్టుతో గంటలు కూర్చోలేం. ప్యాంటు వెనక భాగం నడుము మీదికి ఎత్తుగా ఉండాలి, సీటు మీద కూర్చునే చోట లావు కుట్టు ఉండకూడదు, అరగంట కూర్చుంటే ఆ కుట్టు ఎక్కడుందో తెలిసిపోతుంది.

దూర ప్రయాణాలు చేస్తావు కాబట్టి ఇంకో విషయం: ఒంటిని మొత్తం కప్పే ఒకే ముక్క సూట్ వద్దు. బాత్రూమ్‌కి వెళ్లాలంటే భుజాల దాకా విప్పాలి, ఆ గొడవ భయానికి నీళ్లు తాగడం మానేసేవాళ్లని చూశాను. ఎండలో నీళ్లు తాగకపోతే తల తిరుగుతుంది, శ్రద్ధ తప్పుతుంది, బండి మీద అది ప్రమాదం. జాకెట్ వేరుగా, ప్యాంటు వేరుగా తీసుకో. భుజం పట్టీల ప్యాంటు కొంటే ఆ పట్టీలు జాకెట్ మొత్తం విప్పకుండా ముందు నుంచే తీయగలవో లేదో షాపులోనే చూసుకో.

సాగే లెగ్గింగ్ లాంటి బైక్ ప్యాంట్లు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి, వాటిలో ఏఏ తరగతివి ఉన్నాయి. నీలాంటి ఒంటికి అవి బాగా పట్టుకుంటాయి, ప్యాడ్ కదలదు. లేబుల్ లేనివి మాత్రం ముట్టుకోకు. 'అరామిడ్ ఉంది' అంటారు, అంటే రాపిడికి ఆగే గట్టి దారం, కెవ్లార్ లాంటిది, మోకాలి దగ్గర జానెడు ముక్క వేసి మిగతాదంతా ఉత్త గుడ్డ ఉంటుంది. లోపలికి తిప్పి చూడు, పిరుదులు, తుంటి భాగంలో కూడా ఉందా అని. కెవ్లార్ అని మనకి తెలిసిన ఆ దారాన్ని 1965లో కనిపెట్టింది స్టెఫనీ క్వోలెక్ అనే రసాయన శాస్త్రవేత్త, ఒక ఆడమనిషి. ఆ దారంతో చేసిన బట్టలు ఇన్నేళ్ల తర్వాత కూడా మన ఒంటికి సరిగ్గా కుట్టరేంటి అని నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఆ దారపు బట్టని బ్లీచ్‌లో వేయకూడదు, తిరగేసి నీడలో ఆరబెట్టాలి, ఎండకి బలం తగ్గుతుంది.

ఇప్పుడు టైలర్ సంగతి. షాపతను చెప్పినట్టు మగవాళ్లది కొని భుజాలు, పక్కలు కోసి కుట్టించడం వద్దు. ఆ కుట్లు రెండు మూడు వరుసల్లో, మందమైన దారంతో, లోపల మడతలు దాచి వేసినవి. మామూలు టైలర్ విప్పి ఒక వరుస నూలు దారంతో కుడితే బయటికి ఏ తేడా కనపడదు, పడ్డప్పుడు మాత్రం మొదట విడిపోయేది అదే. లేబుల్ మీది తరగతి కూడా కొన్నప్పటి బట్టకే వర్తిస్తుంది, కోసి కుట్టినదానికి వర్తించదు. నీళ్లు రాకుండా లోపల పొర ఉన్న జాకెట్‌కైతే సూది దిగిన ప్రతి చోటా నీళ్లు కారతాయి. చేయించుకోదగ్గవి కొన్ని ఉన్నాయి: ప్యాంటు కింద పొడవు తగ్గించడం (కూర్చున్నప్పుడు కూడా బూటు పైభాగం కప్పాలి), నడుము పట్టీలో ఎలాస్టిక్ వేయించడం, లోపలి లైనింగ్‌కి మాత్రమే కుట్టిన మోకాలి జేబుని పైకి జరిపించడం. ఇవి కూడా లెదర్ జాకెట్లు, బ్యాగులు బాగు చేసే మనిషి దగ్గర, పాలియెస్టర్ లేదా నైలాన్ దారంతో చేయించు. కొలతలిచ్చి కుట్టించుకునే లెదర్ సూట్లు కూడా ఉంటాయి, డబ్బూ సమయమూ ఎక్కువ పడతాయి, మొదటి బట్టగా నేను చెప్పను.

ఏదీ కుదరకపోతే నీకు ఇంకో దారి ఉంది, నా దృష్టిలో బొద్దుగా ఉండే పొట్టి అమ్మాయిలకి ఇదే అన్నిటికన్నా మంచిది. ఆర్మర్‌నీ జాకెట్‌నీ విడదీయడం. ఒంటికి అంటుకుని ఉండే సాగే వల చొక్కా, దాని జేబుల్లో భుజం, మోచేయి, వెన్ను, ఛాతీ ప్యాడ్లు. పై లేబుల్ గురించి చెప్పినప్పుడు సీ తరగతి అన్నాను చూడు, అది ఇలాంటిదే, దెబ్బ ఆపుతుంది గానీ రాపిడికి ఆగదు. బీ తరగతి దానికి ఎదురు, రాపిడికి ఆగుతుంది, ప్యాడ్లు ఉండవు. సీ చొక్కా లోపల, దాని మీద బీ లేదా ఏ జాకెట్. అప్పుడు పై జాకెట్ తుంటికి సరిపడేలా కాస్త వదులుగా ఉన్నా ప్యాడ్లు ఎక్కడికీ పోవు, ఎందుకంటే వాటిని పట్టుకుంది లోపలి చొక్కా. కాళ్లకీ ఇదే పద్ధతి, ప్యాడ్లున్న లోపలి లెగ్గింగ్, పైన రాపిడికి ఆగే ప్యాంటు. వల చొక్కా ఒక్కటే వేసుకుని పైన టీషర్ట్‌తో వెళ్లేవాళ్లని చూస్తుంటాను, ఆ పని చేయకు.

ఎండకి మెష్ జాకెట్ తీసుకో, గాలి దూరుతుంది. అదీ ఏఏ తరగతిలో దొరుకుతుంది, కాస్త ఓపికగా వెతకాలి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ప్రభుత్వ సంస్థలు కలిసి 2018లో మొదలుపెట్టిన మోటోక్యాప్ అనే కార్యక్రమం బైక్ బట్టలని కొని పరీక్షించి, రక్షణకి, ఎండలో సౌకర్యానికి విడివిడిగా నక్షత్రాలు ఇస్తుంది. నువ్వు కొనాలనుకునేది అందులో ఉందేమో ఉచితంగా చూసుకోవచ్చు. రంగు విషయంలో నలుపు అందరికీ ఇష్టమే గానీ, 2004లో వచ్చిన ఆక్లండ్ అధ్యయనంలో మెరిసే లేదా ఫ్లోరసెంట్ బట్టలు వేసుకున్న బైకర్లకి గాయాల ప్రమాదం 37 శాతం తక్కువగా కనిపించింది. నల్ల జాకెట్ బాగా కుదిరిందనుకో, వదులుకోకు, దాని మీద మెరిసే పలచటి చొక్కా తొడుక్కో.

గ్లవ్స్ వేలి కొనలో ఖాళీ ఉంటే క్లచ్, బ్రేక్ సరిగ్గా అందవు, వేళ్లు పొట్టిగా ఉంటే ఆడవాళ్ల సైజులే చూడు. మణికట్టు పట్టీ బిగించి వేళ్లు పట్టుకుని లాగితే ఊడి రాకూడదు. ఈఎన్ 13594 ఉండాలి, పక్కన కేపీ అని ఉంటే మెటికల ప్యాడ్ కూడా పరీక్షించినట్టు. బూట్లు చీలమండ దాటి పైకి ఉండాలి, ఈఎన్ 13634. రెండు చివరలూ పట్టుకుని మెలితిప్పితే సులభంగా తిరిగిపోయే బూటు వద్దు. కాళ్లు అందడం కోసం ఎత్తు మడమ బూట్లు వేసుకోకు, అడుగు మొత్తం సమంగా లావున్న బూట్లు దొరుకుతాయి, అవి తీసుకో. జుట్టు కింద మెడ దగ్గర జడ వేసి జాకెట్ లోపల పెట్టెయ్, పైన ముడి వేస్తే హెల్మెట్ సరిగ్గా కూర్చోదు.

ఆఫీసుకి ఆ బట్టలతో ఎలా అనుకోకు. పక్క జిప్ కాలు మొత్తం పొడవునా ఉండే పై ప్యాంటు కొనుక్కుంటే ఆఫీసు ప్యాంటు మీదే తొడుక్కుని, బూట్లు విప్పకుండా తీసేయొచ్చు. అది కొనేటప్పుడు లోపల ఆఫీసు బట్టలు వేసుకునే చూసుకో, అవి లేకుండా చూస్తే ఒక సైజు తప్పుతుంది.

డబ్బు ఒకేసారి సరిపోకపోతే ముందు గ్లవ్స్, ప్యాంటు, తర్వాత బూట్లు, జాకెట్. ఈలోగా ఇంట్లో ఉన్న మందపాటి జాకెట్ లోపల ఆ సీ తరగతి చొక్కా వేసుకుని, వేగం తగ్గించుకుని తిరుగు. పాతది కొంటే ప్యాడ్లు కొత్తవి వేయించుకో, కుట్లు ఒక్కొక్కటీ వెలుతురులో లాగి చూడు, ఒకసారి పడ్డ జాకెట్ ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. కొత్తది ఏది కొన్నా తిరిగి తీసుకుంటారా అని ముందే అడుగు, ట్యాగులు తీయకుండా ఇంటికి తెచ్చి, బండి స్టాండ్ వేసి, మొత్తం వేసుకుని అరగంట దాని మీద కూర్చో. ఎక్కడ గుచ్చుకుంది, ఏ ప్యాడ్ జరిగింది, నడుము ఎంత వదులుంది, కొలతలతో సహా నాకు రాయి, ఏ మోడల్ చూడాలో అప్పుడు ఇంకా స్పష్టంగా చెప్తాను.